జాగ్రత్త: ఫోన్ ఎత్తకముందే మీటర్ తిప్పేస్తున్నారు

కంప్యూటర్ నుంచి ఫోన్లకు చౌకగా కాల్స్ అమ్మే ఆ కంపెనీ ఏదో ఇక్కడ అందరికీ తెలుసు, పేరు రాయను. రీఛార్జ్ చేసేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి.

అవతల ఎవరూ ఎత్తలేదు, చెవిలో రింగ్ మోగుతూనే ఉంది. సాఫ్ట్‌ఫోన్‌లో (కంప్యూటర్ నుంచి కాల్ చేసే యాప్) టైమర్ మాత్రం 00:01, 00:02 అంటూ పరుగు! కట్ చేస్తే ఒక నిమిషం డబ్బు హాంఫట్. అవతలి ఫోన్‌లో చూస్తే మిస్డ్ కాల్.

దీన్ని ఫాల్స్ ఆన్సర్ సూపర్‌విజన్ అంటారు. ఫోన్ ఎత్తాకే రావాల్సిన ‘200 ఓకే’ సందేశాన్ని, మధ్యలో కాల్ మోసే ఎవడో చౌక క్యారియర్ ముందే పంపేసి రికార్డు చేసిన రింగ్ వినిపిస్తాడు. బిల్లు మొదలయ్యేది ఆ 200 దగ్గరే. మనం ఎంత ఓపిగ్గా వింటే వాళ్లకు అంత లాభం. నిజంగా రింగ్ అవుతుంటే వచ్చే సందేశం 180 లేదా 183, వాటికి బిల్లు పడదు.

స్క్రీన్‌షాట్లూ, మిస్డ్ కాల్ రికార్డూ అన్నీ పంపితే సపోర్ట్ మహానుభావుడి జవాబు: “మీ ఇంటర్నెట్ స్లో అండీ, రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి.” ఆహా! జి.711 కోడెక్ (గొంతును డేటాగా మార్చే పద్ధతి) కాల్‌కి ఒక్కో వైపు 100 కేబీపీఎస్ కూడా పట్టదు. నెట్ బాగోకపోతే మాట తెగుతుంది, గొంతు రోబోలా వస్తుంది. ఎవరూ ఎత్తని ఫోన్ దానంతటదే ఎత్తుకుంటుందా నాయనా? ఇదే అడిగితే నా ఫిర్యాదు టికెట్ మీద ‘పరిష్కరించబడింది’ అని కొట్టి మూసేశాడు. పోయిన డబ్బు కంటే ఆ ముక్కకే ఒళ్లు మండుతోంది.

ఎక్కడ కొన్నా ముందు కనీస మొత్తమే వేయండి. మీదే ఇంకో నంబరుకు కాల్ చేసి, ఎత్తకుండా 20 సెకన్లు మోగనిచ్చి కట్ చేయండి. వాయిస్‌మెయిల్, కాల్ ఫార్వర్డింగ్ ముందే ఆపాలి, లేదంటే అవే ఎత్తుతాయి, అప్పుడు బిల్లు న్యాయమే. బ్యాలెన్స్ తగ్గితే దొంగ దొరికినట్టే. ఒక్కసారి బాగుందని నమ్మకండి, కాల్ పంపే రూట్లు మారుస్తుంటారు. వేరే నెట్‌వర్క్ నంబర్లకూ, వేరే వేళల్లోనూ చూడండి.

ఆధారం కావాలంటే వైర్‌షార్క్‌లో (నెట్‌లో వచ్చిపోయే డేటాను పట్టి చూపే ప్రోగ్రామ్) టెలిఫోనీ మెనూ, వోయిప్ కాల్స్, ఫ్లో సీక్వెన్స్. ‘ఇన్వైట్’కి, అంటే కాల్ మొదలుపెట్టే సందేశానికి, జవాబుగా వచ్చిన 200 ఏ సెకనులో పడిందో చూడండి (కాల్ కట్ చేసినప్పుడు ‘బై’కి వచ్చే 200 వేరు). ఖాతా టీఎల్‌ఎస్ (సందేశాలను దాచే ఎన్‌క్రిప్షన్) మీద నడుస్తుంటే అక్కడ ఏమీ కనపడదు, సాఫ్ట్‌ఫోన్ రాసుకునే లాగ్ ఫైలే దిక్కు.

అన్నట్టు, రేట్ల పేజీ అడుగున 60/60 (నిమిషం చొప్పున బిల్లు) అని ఉందేమో చూడండి. 61వ సెకను పడితే రెండు నిమిషాల బిల్లు. 1/1 (సెకను చొప్పున బిల్లు) ఉన్నవాళ్లనే చూసుకోండి. ఆటో రీఛార్జ్ టిక్ ఉంటే ఇప్పుడే తీసేయండి.