అమ్మకి బటన్ ఫోనా, స్మార్ట్‌ఫోనా?

బటన్ ఫోన్ రెండు వేల లోపే వస్తుంది. స్మార్ట్‌ఫోన్‌కి అంతకు మూడు నాలుగింతలు, పైగా డేటా రీచార్జ్. జియో సిమ్ అయితే 4జీ బటన్ ఫోనే తీసుకోండి, జియోకి 2జీ నెట్‌వర్క్ లేదు.

మా అమ్మ పచ్చ బటన్‌ని బొటనవేలితో తడిమి, ఫోన్ వైపు చూడకుండానే ఎత్తుతుంది, అదే టచ్ స్క్రీన్‌ని పిండి చేత్తో ఎంత తోసినా కాల్ కట్టయ్యేదాకా కదలదు. కానీ డల్లాస్‌లో ఉన్న మనవరాలి మొహం కనిపించేది అందులోనే, నాకైతే అదే పెద్ద విషయం.

వాట్సాప్‌లో శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) ఇన్‌స్టాల్ చేస్తే ఖాతా ఖాళీ అయిపోవచ్చు. బటన్ ఫోన్‌లో ఆ టెన్షన్ లేదు, ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పకూడదు. డబ్బు పంపడానికి 2022లో వచ్చిన యూపీఐ 123పే ఉంది, అది నెట్ లేకుండా బటన్ ఫోన్‌లోనే పనిచేస్తుంది.

పిల్లలు విదేశాల్లో ఉండి, పక్కన నేర్పేవాళ్లుంటే స్మార్ట్‌ఫోన్. ఒంటరిగా ఉంటూ, కరెంటు సరిగా లేని ఊరైతే బటన్ ఫోనే కొనండి.