నీళ్ళలో మెటల్ డిటెక్టింగ్‌కి బరువు స్కూప్: రెండు సీజన్లు వాడాక చెప్తున్నా

మాది కాకినాడ పక్కన పల్లెటూరు. ఉప్పాడ తీరంలో తుఫాను వెళ్ళిన మర్నాడు జనం ఇసుకలో బంగారం రేణువులు ఏరుకోవడం మాకు కొత్తేం కాదు, 2020 నవంబర్‌లో నివర్ తుఫాను తర్వాత అయితే టీవీల్లో కూడా చూపించారు. సముద్రం అక్కడ ఇళ్ళూ గుళ్ళూ కోసుకుపోయింది కదా, పునాదుల్లో వేసిన బంగారమే కెరటాలకి బయటకొస్తోందని అక్కడోళ్ళు చెప్తారు. ఇప్పుడు నేనుండేది న్యూజెర్సీలో. నాలుగేళ్ళ కింద మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 అనే మెటల్ డిటెక్టర్ కొన్నా, 3 మీటర్ల లోతు దాకా నీళ్ళలో ముంచొచ్చు, అప్పట్నుంచి శనాదివారాలు తెల్లారకముందే బీచ్‌లో ఉంటా.

డిటెక్టర్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, స్కూప్ గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు నాకు కనపళ్ళేదు, అందుకే ఇది. అసలు స్కూప్ అంటే ఏంటంటే, పొడుగు కర్రకి చివర చిల్లులున్న లోహపు బుట్ట, పారలాగా ఇసుకలోకి దిగాలి, జల్లెడలాగా ఇసుక వదిలేయాలి, రెండు పనులూ అదే చెయ్యాలి. మెషీన్ మోగితే సగం పనే అయినట్టు, మోగిన వస్తువుని పైకి తెచ్చేది ఇదే.

మొదట నేను తేలికది కొన్నా, అల్యూమినియం బుట్ట, కిలోంపావు కూడా ఉండదు. ఏ కంపెనీదో చెప్పను. పొడి ఇసుకలో బానే ఉంది. మోకాలు లోతు నీళ్ళలోకి వెళ్ళేసరికి కెరటం వచ్చినప్పుడల్లా బుట్ట పక్కకి కొట్టుకుపోద్ది, సిగ్నల్ ఒకచోట ఉంటే నేను తవ్వేది ఇంకోచోట. కాలితో తొక్కితే అంచు వంగింది. మూడో నెలలో బోల్టుల చుట్టూ తెల్లటి పొడి పట్టింది, అల్యూమినియం, స్టీలు రెండూ ఒకదానికొకటి తగిలి ఉప్పునీళ్ళలో ఉంటే అల్యూమినియాన్ని తినేస్తది, తర్వాత ఒకరోజు తవ్వుతుంటే కర్ర నా చేతిలో ఉంది బుట్ట నీళ్ళలో ఉంది. వాళ్ళకి ఫోటోలు పెట్టి మెయిల్ చేస్తే సముద్రంలో వాడితే వారంటీ రాదన్నారు. బీచ్ స్కూప్ అని అమ్మి సముద్రంలో వాడొద్దంటే ఇంకెక్కడ వాడాలండి!

అప్పుడు ఈ బరువుది తీసుకున్నా. 2 మిల్లీమీటర్ల మందం 304 స్టెయిన్‌లెస్ స్టీలు, 12 మిల్లీమీటర్ల చిల్లులు, వెనకాల కాలు పెట్టి తొక్కడానికి పలక, కార్బన్ ఫైబర్ కర్రతో కలిపి 8 పౌండ్లు, అంటే మూడున్నర కిలోల పైనే. రేటు కర్రతో కలిపి 300 డాలర్ల దాకా అయింది. మా ఆవిడ పార్సిల్ ఎత్తి చూసి ఇది పట్టుకుని నువ్వు నీళ్ళలో ఎట్లా నడుస్తావంది. ఆ ప్రశ్న కరెక్టే, కానీ నీళ్ళలో దిగాక లెక్క మారిపోద్ది.

ఎందుకంటే స్టీలు నీళ్ళలో మునిగితే దాని బరువులో ఎనిమిదో వంతు తగ్గుద్ది, మిగతా బరువంతా మనకి పని చేసిపెడుతుంది. నడుములోతు నీళ్ళలో కాయిల్ (డిటెక్టర్ కర్ర చివర ఉండే గుండ్రటి పళ్ళెం) కింద సిగ్నల్ దొరికిందనుకోండి, కాయిల్ మధ్యలో ఎక్కడ గట్టిగా మోగుతుందో అక్కడ కాలి బొటనవేలు పెట్టి గుర్తు చేసుకుంటా, కాయిల్ పక్కకి తీసేసి స్కూప్ మూతి సరిగ్గా వేలి ముందు ఆనించి, వెనక పలక మీద కాలేసి ఒంటి బరువు వేస్తా. ఒక్క తొక్కుకి బుట్ట సగం దాకా దిగుద్ది, కెరటం వచ్చినా కదలదు. కర్ర వెనక్కి వంచి లాగితే గడ్డ మొత్తం లేస్తది. నీళ్ళలో ఉండగానే అటూ ఇటూ నాలుగు ఊపులు ఊపితే ఇసుక పాలలాగా చిల్లుల్లోంచి కారిపోద్ది, గవ్వలు గులకరాళ్ళు మిగుల్తాయి. అప్పుడు స్టీలు మీద టంగుమని ఒక చప్పుడొస్తది, ఆ చప్పుడు కోసమే ఇదంతా.

కింద గట్టి పొర ఉన్నచోట దీని విలువ ఇంకా తెలుస్తది. బంగారం బరువు కాబట్టి వదులు ఇసుకలో ఉండదు, కెరటాలు ఇసుకని కదిపినప్పుడల్లా ఇంకొంచెం దిగి, బంకమన్నో గులకో తగిలినచోట ఆగుద్ది. తేలిక స్కూప్ అక్కడ గీరుతుంది అంతే. పైగా మోగిన లోహాన్ని బట్టి మెషీన్ ఒక నంబరు చూపిస్తది, బంగారం ఉంగరం నంబరు, సోడా డబ్బా మూత రింగు నంబరు మెషీన్‌లో ఒకేచోట పడతాయి, అందుకని మోగిన ప్రతిదీ తవ్వాల్సిందే, ఒక పూటకి నలభై యాభై తవ్వకాలు. రెండేసి మూడేసి సార్లు గీరే స్కూప్‌తో అన్ని తవ్వితే మనిషి అయిపోతాడు.

పోయిన జులైలో మా పక్క అపార్ట్‌మెంట్ చెల్లెమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది, అన్నయ్యా బెల్మార్ బీచ్‌లో సూత్రాల గొలుసు తెగిపోయింది, గొలుసు బట్టల్లో చిక్కుకుంది గానీ పుస్తెలూ గుండ్లూ నీళ్ళలో పడిపోయాయి అని. ఎక్కడ నించున్నారో లైఫ్‌గార్డ్ కుర్చీ, ఒడ్డు మీద స్తంభం కలిపి లైను చూసుకుని ఫోటో తియ్యమని చెప్పా, అది తియ్యబట్టే పని అయింది. సముద్రం వెనక్కి తగ్గే పాటు టైము మర్నాడు పొద్దున, అప్పుడు అక్కడ పర్మిషన్ అడిగి దిగాను. గంటంపావుకి మొదటి పుస్తె వచ్చింది. పావలా బిళ్ళంత ఉంది కాబట్టి చిల్లుల్లోంచి పోలేదు, గవ్వల మధ్య బోర్లా పడుంది, తిప్పి చూస్తే వెనక గుంటలో పసుపు ఇంకా అంటుకునే ఉంది. చేత్తో పట్టుకుంటే నా చేతులు వణికాయి. రెండోది దానికి రెండడుగుల దూరంలో దొరికింది. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది, రెండూ అరచేతిలో పెట్టేసరికి ఆ పిల్ల ఒడ్డునే కూలబడిపోయింది.

గుండ్లు మాత్రం రాలేదు. ఈ స్కూప్‌లో పెద్ద లోపం ఇదే. 12 మిల్లీమీటర్ల చిల్లు ఉంటే ఇసుక తొందరగా వదుల్తుంది, ఉంగరాలకి ఇబ్బంది లేదు, కానీ మన ఆడవాళ్ళ గుండ్లు, దుద్దులు, ముక్కుపుడకలు, సన్నటి గొలుసు ముక్కలు అన్నీ అందులోంచి జారిపోతాయి. అమెరికా వాళ్ళు ఎక్కువగా ఉంగరాల కోసం వెతుకుతారు కాబట్టి వాళ్ళకి ఇది సరిపోద్ది. మనవాళ్ళు ఎక్కువ తిరిగే బీచ్‌లకైతే 9 మిల్లీమీటర్ల చిల్లులది అడగండి, కొంచెం ఎక్కువసేపు ఊపాలి, పర్లేదు.

ఇంకొన్ని చెప్పాలి. నీళ్ళు లేని ఒడ్డు మీద ఇది వాడకండి, ఇసుకతో నిండితే ఎత్తాల్సింది పది కిలోల పైనే, అక్కడ తేలిగ్గా చేసే నీళ్ళు ఉండవు, నాకు మొదటి నెల కుడి భుజం పట్టేసింది. ఇప్పుడు ఒడ్డు మీద నడిచేటప్పుడు కర్రకి తాడు కట్టి నడుముకి తగిలించి వెనక ఈడ్చుకెళ్తా, స్టీలు కాయిల్‌కి దూరంగా ఉంటది కాబట్టి ఊరికే మోగడం కూడా ఉండదు. కాళ్ళకి మందం బూట్లు ఉండాల్సిందే, అంచు కత్తిలా ఉంటది, వేలు ఆనించి తవ్వే పని కదా. దీంతో పాటు వచ్చిన బోల్టులు నాసిరకం, ఆరు వారాల్లో తుప్పు పట్టాయి, 300 డాలర్ల వస్తువుకి రెండు డాలర్ల మంచి బోల్టు వెయ్యలేరా అని కోపం వచ్చింది. 316 స్టెయిన్‌లెస్ బోల్టులు, లాక్ నట్లు తెచ్చి మార్చా, అప్పట్నుంచి కదల్లేదు. 316లో మాలిబ్డినం ఉంటది, ఉప్పుకి ఎక్కువ తట్టుకుంటది. బుట్ట 304 అయినా ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడుగుతా కాబట్టి వెల్డింగ్ దగ్గర గోధుమరంగు మచ్చ తప్ప ఏం లేదు.

వైజాగ్ నుంచి మా బావమరిది ఒకటి పంపమని అడిగాడు. పంపేముందు చెప్పా, అక్కడ 1878 నాటి నిధుల చట్టం ఉంది, భూమిలో దొరికిన విలువైనవి పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాలి, ముందు ఆఫీసులో కనుక్కో అని. ఇక్కడ కూడా నేషనల్ పార్క్ సర్వీస్ (జాతీయ పార్కులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) బీచ్‌ల్లో డిటెక్టర్ పట్టుకెళ్ళడమే నేరం, మిగతా ఊళ్ళలో ఒక్కోచోట ఒక్కో రూలు.

నీళ్ళలో దిగేవాళ్ళు మాత్రం డబ్బు కొంచెం ఆగి కూడబెట్టుకుని బరువుదే కొనండి, నాలాగా రెండుసార్లు కొనకండి.

బుట్ట లోపల 5 మిల్లీమీటర్ల స్టీలు జాలీ ముక్క కోసి జిప్ టైలతో కట్టి, ఆగస్టులో అదే లైను మీద మూడుసార్లు దిగా. మూడోసారి ఒక గుండు దొరికింది, సొట్ట పడింది గానీ బంగారం అలాగే ఉంది. రెండోది ఇంకా అక్కడే ఉంది. ఈ శనివారం పాటు పొద్దున 6:10కి, ఆ చెల్లెమ్మ వాళ్ళాయన కూడా వస్తానన్నాడు, ఒడ్డున ఉండి లైను చూపించడానికి.