బుర్ర పని పొద్దున, చేతి పని మధ్యాహ్నం: రెండేళ్లు వాడాక

ఆంధ్రా సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో చిన్న వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూస్తాను. గంటలు లెక్కపెట్టడం మానేసి, ఏ పనికి ఎంత ధ్యాస కావాలో చూసి రోజును పంచుకోవడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. నా మటుకు నాకు బాగా పనికొచ్చింది.

బుర్ర పెట్టాల్సిన పని ఎలా ఉంటుందంటే, ఒకే కొట్టుకి బరంపురం నుంచీ సరుకొస్తుంది, పక్కనున్న పాతపట్నం నుంచీ వస్తుంది. చూడ్డానికి బిల్లులు ఒకలాగే ఉంటాయి. అమ్మినవాడి జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా సరుకు, పన్ను సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) చెరి సగం. 37 అయితే ఆంధ్రా, మొత్తం ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన సరుకు మీద పన్ను). నిద్రమత్తులో ఎక్కిస్తే ఒక గడిలోది ఇంకో గడిలో పడుతుంది. అందుకే 14న జీఎస్టీఆర్-2బీ, అంటే అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా, వచ్చాక దాన్ని కొనుగోలు బిల్లులతో సరిచూసే పనంతా తెల్లారి ఆరింటికే, ఫోన్ పక్క గదిలో పడేసి. స్కానింగ్, ఫైళ్లకు పేర్లు పెట్టడం, చలాన్లు వాట్సాప్ చేయడం భోజనం తర్వాత కళ్లు మూతలు పడే వేళకి.

అంతకుముందు పొమొడోరో అనే గంట పెట్టుకునే పద్ధతి వాడాను, 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం. స్కానింగ్‌కి బానే ఉంటుంది. తేడా ఎక్కడుందో దొరకబోతుండగా గంట మోగితే మాత్రం ఒళ్లు మండుతుంది.

తేలిగ్గా కనిపించి బుర్ర తినేవి ఫోన్లు. "డబ్బు కట్టేశాను కదా బాబూ, క్రెడిట్ ఎందుకు రాలేదు?" అంటాడు శావుకారు. క్రెడిట్ అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తను కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం. అమ్మినవాడు తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వేయకపోతే మీ 2బీలో కనిపించదని కాసేపు తెలుగులో, కాసేపు ఒడియాలో నచ్చజెప్పాలి. ఇదీ బుర్ర పనే. వీటిని ఇప్పుడు పదకొండింటికి, టీ తాగాక పెట్టుకుంటున్నాను.

నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు గడువులైన 11, 20 తేదీల్లో ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. అందరూ ఆరోజే బిల్లుల సంచీ తెచ్చి బల్ల మీద కుమ్మరిస్తారు, మరి ఏ పూటకి ఏ పని అని ఎవరితో చెప్పుకోను? గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాళ్లకీ ఇది కుదరదు, బేరం వచ్చినప్పుడే వాళ్ల పని.

దీనికి యాప్ ఏమీ కొననక్కర్లేదు. నేనైతే ప్రతి కట్ట మీదా పెన్సిల్‌తో 'బు' అనో 'చే' అనో రాసుకుంటాను.