తోటపల్లి బ్యారేజీ, పార్కు: పిల్లలకు ఒక గంట, పెద్దలకు ఒక పూట

విజయనగరం నుంచి ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగలిగే విహార స్థలం ఏదని అడిగితే ఎక్కువమంది తాటిపూడి జలాశయం పేరే చెబుతారు. నాగావళి ఒడ్డున తోటపల్లికి వెళ్లేవారిలో చాలామంది, ఉత్తరాంధ్ర చిన తిరుపతిగా పేరుపడ్డ అక్కడి వేంకటేశ్వర స్వామి దర్శనం కోసం వెళతారు. దర్శనమయ్యాక పిల్లలను పార్కులో కాసేపు ఆడించి, బ్యారేజీ ముందు నిలబడి ఫొటో దిగి బస్సెక్కుతారు. చూడవలసిన అసలు కట్టడాన్ని ఫొటోకు వెనుక తెరగా మాత్రమే వాడుకుని రావడం అన్యాయమని నా అభిప్రాయం.

పార్కు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చెట్ల నీడ ఉంది, నదిగాలి ఉంది, పిల్లలకు గంటసేపు కాలక్షేపం అవుతుంది. బోటు షికారు నీటిమట్టాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని వెళ్లకపోవడం మంచిది.

1908లో ఇక్కడ నిర్మించిన పాత రెగ్యులేటరు (నది నీటిని కాలువల్లోకి మళ్లించే కట్టడం) వందేళ్లపాటు సుమారు 64 వేల ఎకరాలకు ఆధారమైంది. 2003లో శంకుస్థాపన జరిగి, 2015 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీకి స్వాతంత్ర్య సమరయోధుడు, రైతు నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న పేరు పెట్టారు. పాత ఆయకట్టుకు (కాలువ నీరు పారే భూములకు) నీటిని ఖాయం చేయడం, కొత్తగా 1.20 లక్షల ఎకరాలకు నీరివ్వడం దీని లక్ష్యాలు. 2022లో జిల్లాల పునర్విభజనతో తోటపల్లి విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లినా, కుడి కాలువ కోసం ఎదురుచూసే చీపురుపల్లి వైపు రైతుకు అది ఇప్పటికీ సొంత ఊరి ప్రాజెక్టే.

అయితే ఈ కట్టడం గొప్పతనం వరద వచ్చినప్పుడు గాని తెలియదు. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన నాగావళి సముద్రంలో కలిసేలోగా ప్రవహించేది దాదాపు 256 కిలోమీటర్లే, అందులోనూ సగానికి పైగా ఒడిశాలోనే. కొండల్లో కుండపోత వాన కురిస్తే ఆ నీరు మైదానానికి దిగడానికి ఎక్కువ సమయం పట్టదు. బ్యారేజీలో నిలవ చేయగలిగేది సుమారు రెండున్నర టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఎగువ నుంచి లక్ష క్యూసెక్కుల వరద, అంటే సెకనుకు లక్ష ఘనపుటడుగుల నీరు, నిలకడగా వస్తే, పూర్తిగా ఖాళీగా ఉన్న జలాశయమైనా ఏడు గంటల్లో నిండిపోతుంది. అంటే వరదను ఆపడం ఈ బ్యారేజీ పని కాదు, దాని చేతనయ్యేదీ కాదు. వచ్చే నీటిని ముందుగా అంచనా వేసి, పూర్తిస్థాయి మట్టమైన 105 మీటర్లు (సముద్రమట్టం నుంచి) దాటకుండా, గేట్లను అవసరమైన మేరకు ఎత్తుతూ కిందికి సాగనంపడమే దాని పని. నదికి అడ్డంగా గోడలా నిలిచే ఆనకట్ట అయితే వరద దాని మీదుగా పొర్లవలసి వస్తుంది, ఆ మేరకు ఎగువన మట్టం పెరిగి ఒడ్డు పొలాలు మునుగుతాయి. బ్యారేజీలో గేట్లు పైకి లేస్తే నది దాదాపు తన సహజమైన దారిలోనే పోతుంది. వెళ్లేవారు ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుని వెళితే, చూడడానికి ఒక పూట కూడా చాలదు.

కాలువ తలదగ్గర కాసేపు నిలబడండి. గోడ మీద గీసిన మట్టపు అంకెలను నీరు తాకుతూ, వెనక్కి తగ్గుతూ ఉంటుంది; షట్టరు కింది నుంచి దూసుకొచ్చిన నీరు నురగ కక్కి, నాలుగు అడుగులు సుడి తిరిగి, ఆ తరువాత ఏమీ ఎరగనట్టు నెమ్మదిగా కాలువలో సాగిపోతుంది. నది ఎర్రటి బురద నీటితో ఉరకలు వేసే రోజుల్లో ఈ షట్టర్లను దించేస్తారు. నదిలో అంత నీరుండగా కాలువ ఎందుకు కట్టేశారని పక్కనున్న ఒక పెద్దాయన విసుక్కున్నారు గాని, అది అవసరమే: మేటలు కాలువలోకి రాకూడదు, గట్లకు గండ్లు పడకూడదు.

నా అసంతృప్తి ఒక్కటే. పాత రెగ్యులేటరు ఏది, కొత్తది ఎందుకు కట్టారు, ఏ కాలువ ఎటు పోతుంది అని సందర్శకులకు తెలియజెప్పే మంచి తెలుగు పటం ఒక్కటీ నాకు కనబడలేదు. సెల్ఫీలకు చోటు చూపించే శ్రద్ధలో పావు వంతు దీని మీద పెట్టినా సరిపోతుంది.

రైలులో వెళ్లేవారు విజయనగరం నుంచి రాయగడ మార్గంలో పార్వతీపురం టౌన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో గాని ఆటోలో గాని చేరుకోవచ్చు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు నీటి సందడి బాగుంటుంది. గేట్లు ఎత్తారని తెలిస్తే మాత్రం నదిలోకి, దిగువ ఇసుకలోకి దిగవద్దు, స్నానాలకైనా సరే. మధ్యాహ్న భోజనం పార్వతీపురంలోనే ముగించుకోవడం నయం. గరుగుబిల్లి, కొమరాడ మండలాల్లో కొన్నేళ్లుగా అడవి ఏనుగులు తిరుగుతున్నందున, సాయంత్రం దాకా ఉండదలచినవారు గుంపు ఆ రోజు ఎటువైపు ఉందో స్థానికులను అడిగి తెలుసుకోవాలి.