చెత్త నేలలో 6 అంగుళాల చిన్న కాయిల్ పనితనం

మెటల్ డిటెక్టర్ కొన్న కొన్నాళ్లకే చాలామందికి పెద్ద కాయిల్ (నేల మీద ఊపే పళ్లెం లాంటి భాగం) మీదికి మనసు పోతుంది, లోతు ఎక్కువ అందుతుందని. నన్నడిగితే రెండో కాయిల్‌గా కొనాల్సింది చిన్నది. మీరు తిరిగేవి పాత పార్కులు, కూలిన ఇళ్ల ఆవరణలు, జనం గుమిగూడే మైదానాలు అయితే మరీను. నేను వాడేది మినెల్యాబ్ ఈక్వినాక్స్ 800. దాంతో పాటు వచ్చేది 11 అంగుళాల డబుల్ డీ కాయిల్. విడిగా తీసుకున్నది అదే కంపెనీ 6 అంగుళాల డబుల్ డీ, ఈక్యూఎక్స్06 అని దాని పేరు. ఈ రివ్యూ దాని గురించే, కానీ ఇక్కడ చెప్పేదాంట్లో సగానికి పైగా ఏ కంపెనీ చిన్న కాయిల్‌కైనా సరిపోతుంది.

చెత్త నేల అంటే నా లెక్కలో అడుగుకో మోత వినిపించేది. తుప్పు మేకులు, సోడా మూతలు, క్యాన్ ట్యాబులు, సిగరెట్ పెట్టెల్లోని రేకు, గడ్డి కోసే మిషన్ కింద పడి తునకలైన క్యాన్లు, అన్నీ ఉంటాయి. అలాంటి చోట పెద్ద కాయిల్ ఊపుతుంటే ఏ క్షణం చూసినా దాని కింద రెండు మూడు లోహపు ముక్కలుంటాయి, వాటి నుంచి తిరిగొచ్చే సిగ్నల్ అంతా కలగాపులగంగా ఒకటే వస్తుంది. నాణెం పక్కన రేకు ముక్క ఉంటే, అది ఏ లోహమో చెప్పడానికి స్క్రీన్ మీద కనిపించే నంబరు రెండింటికీ మధ్య ఎక్కడో తేలుతుంది. పక్కన పెద్ద మేకుంటే ఇంకా ఘోరం. ఇనుము వినపడకుండా డిస్క్రిమినేషన్ పెట్టుకున్నామనుకోండి, మేకుతో పాటు నాణెం నోరు కూడా నొక్కేస్తుంది, మనం దాని మీదుగా నడిచి వెళ్లిపోతాం. "ఇక్కడ ఇంకేం మిగల్లేదు, అందరూ జల్లెడ పట్టేశారు" అని తేల్చేసిన చోట్లలో చాలావాటి సంగతి ఇదే.

వైశాల్యం లెక్క వేస్తే 6 అంగుళాల కాయిల్ కిందికి వచ్చే నేల, 11 అంగుళాల దాని కిందికి వచ్చేదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. జానెడు దూరంలో ఉన్న రెండు వస్తువులు పెద్దదాని కింద ఒకేసారి పడతాయి, చిన్నదాని కింద పడవు.

కిటుకు అంతా సైజులోనే లేదు, ఆకారంలోనూ ఉంది. డబుల్ డీలో డీ ఆకారపు తీగ చుట్టలు రెండు, మధ్యలో కొద్దిగా ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా ఉంటాయి. ఒకటి పంపేది, ఒకటి అందుకునేది. ఆ రెండూ కలిసే చోట, ముందు కొస నుంచి వెనక కొస దాకా, కత్తి అంచులా సన్నగా ఉన్న గీత మీదే దాని బలమంతా. అందువల్ల పక్కపక్కనున్న వాటిని 11 అంగుళాలది కూడా బాగానే విడదీస్తుంది, దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. చిక్కంతా ముందూ వెనకా ఉన్న వాటితోనే. గీత 11 అంగుళాలు ఉన్నప్పుడు ఆ పొడవులో ఒకదాని వెనక ఒకటి ఉన్నవన్నీ ఒకే మోతలో కలిసిపోతాయి, చిన్న కాయిల్‌తో ఆ పొడవు దాదాపు సగానికి తగ్గుతుంది. అనుమానమొచ్చిన చోట నిలబడి ఊపడం కాకుండా టార్గెట్ చుట్టూ పావు చుట్టు తిరిగి మళ్లీ ఊపమని చెప్పేది ఇందుకే. ఒక వైపు నుంచి మేకు గీత మీదికొస్తుంది, ఇంకో వైపు నుంచి రాదు.

ఇది నమ్మకపోతే ఇంట్లోనే చూడొచ్చు. చెక్క పలక మీద ఒక నాణెం పెట్టి చుట్టూ బెత్తెడు దూరంలో నాలుగు ఇనుప మేకులు పెట్టండి. పలకని బయట శుభ్రంగా ఉన్న నేల మీద ఉంచి, గుర్రపు నాడా గుర్తున్న బటన్ నొక్కి డిస్క్రిమినేషన్ తీసేసి, రెండు కాయిల్స్‌తో అన్ని వైపుల నుంచీ ఊపి వినండి. నాకు పెద్ద కాయిల్‌తో ఒక దిక్కు నుంచి నాణెం స్పష్టంగా పలికింది, కాస్త తిరిగేసరికి గుర్రు గుర్రుమనే ఇనుప మోతలో పడి మాయమైంది. చిన్నదానితో దాదాపు ఏ దిక్కు నుంచైనా ఆ సన్నని పై స్వరం తెగుతూనో అతుకుతూనో వినిపిస్తూనే ఉంది. తెగకుండా వస్తుందని మాత్రం చెప్పను. చెత్త నేలలో మంచి సిగ్నల్ ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే వస్తుంది, దానికి చెవి అలవాటు పడాలి.

వాడే తీరు కూడా మారాలి. పెద్ద కాయిల్‌తో నడిచినట్టు నడిస్తే దీంతో ఏమీ దొరకదు, రెండు ఊపుల మధ్య బోలెడు నేల వదిలేస్తారు. అడుగు సగానికి తగ్గించి, ఒక ఊపు మీదికి ఇంకో ఊపు సగం వచ్చేలా, కాయిల్‌ని నేలకి ఆనించినట్టే ఉంచి మెల్లగా ఊపాలి. రికవరీ స్పీడ్ ఈక్వినాక్స్ 800లో 1 నుంచి 8 దాకా ఉంటుంది, చెత్తలో నేను 6 లేదా 7 దగ్గర పెడతాను. ఒక టార్గెట్ నుంచి తేరుకుని రెండోదాన్ని పలకడానికి డిటెక్టర్‌కి పట్టే టైమ్ తగ్గితే కాయిల్ చేసే పనికి అది తోడవుతుంది. ఐరన్ బయాస్ తగ్గించి పెడతాను, ఎక్కువ పెడితే ఇనుము పక్కనున్న మంచి సిగ్నల్‌ని కూడా ఇనుము ఖాతాలోనే వేసేస్తుంది. కాయిల్ మార్చిన ప్రతిసారీ నాయిస్ క్యాన్సిల్ (చుట్టుపక్కల కరెంటు గోల తగ్గించేది), గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలకి డిటెక్టర్‌ని సర్దేది) మళ్లీ చేయండి. డిటెక్టర్ ఆపాకే కాయిల్ పీకండి.

ఇక ఇది చేయలేని పని చెప్పాలి, ఎందుకంటే ఆశ పెట్టుకుని కొనేది చాలామంది దీని కోసమే. అల్యూమినియం ట్యాబు ఏదో, బంగారు ఉంగరం ఏదో చిన్న కాయిల్ చెప్పదు. ఏ కాయిలూ చెప్పదు. ఈక్వినాక్స్ 800లో నంబర్లు మైనస్ 9 నుంచి 40 దాకా ఉంటే, ఉంగరాలు, ట్యాబులు, రేకు ముక్కలు మధ్యలో ఒకే గుంపులో తిరుగుతుంటాయి. కాయిల్ చిన్నదైతే పక్కవాటితో కలవకుండా నంబరు కొంచెం నిలకడగా వస్తుంది, అంతే. ఉంగరం కావాలంటే ట్యాబులు తవ్వాల్సిందే, దానికి షార్ట్‌కట్ లేదు. పైగా చిన్న కాయిల్‌తో సన్నని రేకు ముక్క కూడా ఖంగుమని పలుకుతుంది, ఎందుకంటే చిన్న వస్తువుల్ని పట్టడంలో దీనిది పైచేయి. సన్న చెవి పోగులు, పల్చని గొలుసులు దొరికేదీ ఆ గుణం వల్లే, సహనం నశించేదీ దాని వల్లే.

లోతు తగ్గుతుంది, అందులో డౌట్ లేదు. శుభ్రమైన నేలలో ఒకే నాణేన్ని రెంటితో చూస్తే పెద్దదే గెలుస్తుంది. కానీ చెత్తలో ఆ లోతు కాగితం మీదే ఉంటుంది. పైన ఇనుము కప్పేసి ఉంటే కిందనున్నది పెద్ద కాయిల్‌కి ఎలాగూ వినపడదు, దొరకాల్సినవాటిలో చాలావరకు ఉండేది పై పొరలోనే. నేలలో ఇనుప ఖనిజం ఎక్కువుంటే చిన్న కాయిల్ ఒకేసారి తక్కువ మట్టిని చూస్తుంది కాబట్టి ఆ గోల కూడా తగ్గుతుంది, అలాంటి చోట లోతులో తేడా మనం భయపడినంత ఉండదు. కరెంటు తీగల దగ్గర కూడా ఇది కాస్త నెమ్మదిగా ఉంటుంది, సెన్సిటివిటీ ఒకటి రెండు మెట్లు పెంచుకోవచ్చు.

పెద్ద కాయిల్‌తో వదిలేసే చోట్లే దీనికి సొంత ఊరు. ఇనుప కంచె స్తంభం, ఉయ్యాల కాళ్లు, బెంచీ కింద, చెట్టు వేళ్ల సందులు, వీటి దగ్గరికి 11 అంగుళాలది తీసుకెళ్తే అడుగు దూరం నుంచే అరుపు మొదలు. చిన్నది బాగా దగ్గరికి వెళ్లేదాకా ఊరుకుంటుంది, ఎవరూ ఊపని ఆ చుట్టుపట్టీ మనకి దక్కుతుంది. పిన్‌పాయింట్ చేయడం, అంటే వస్తువు సరిగ్గా ఎక్కడుందో పట్టడం కూడా తేలిక, ఊపుతూ కాయిల్‌ని మెల్లగా మన వైపు లాక్కుంటే మోత ఎక్కడ ఆగిందో, వస్తువు ముందు అంచు దగ్గరే ఉంటుంది. గుంట చిన్నగా తీస్తే చాలు, పక్కనున్న చెత్త అందులోకి వచ్చి, గుంటలో వెతికే చేతి పిన్‌పాయింటర్‌ని తికమక పెట్టదు.

తుప్పు పట్టిన సోడా మూతలు మంచి నాణెంలా పలికి మోసం చేస్తాయి కదా, వాటికీ ఇది బాగా పనికొస్తుంది. సిగ్నల్ వచ్చాక కాయిల్ మధ్య భాగం పక్కకి జరిపి ముందు కొసతోనే దాని మీద చిన్నగా ఊపండి. నాణెమైతే మోత సన్నబడుతుంది కానీ స్వరం అదే ఉంటుంది, ఇనుప మూత అయితే చాలాసార్లు చిట్లిపోయి ఇనుము నంబర్లలోకి జారిపోతుంది. పెద్ద కాయిల్‌తో కూడా ఇది చేయొచ్చు, కానీ కొస దగ్గరే ఇంకో మూడు ముక్కలుంటే ఏది ఏదో తెలియదు.

కాయిల్ అడుగున తొడిగే కవర్ సంగతి ఒకటుంది. కాయిల్‌కీ కవర్‌కీ మధ్య మట్టి చేరితే, అందులో ఇనుప రజను ఉంటే, ఊరికే కూతలు వస్తాయి. వేరే డిటెక్టర్‌కి, తక్కువకి వస్తోందని తీసుకున్న పేరు లేని చిన్న కాయిల్ ఒకటి నా దగ్గరుండేది, దాని కవర్ వదులు, కేబుల్ కర్రకి తగిలితే చాలు మోత. టార్గెట్ ఉందో కేబుల్ ఊగిందో తెలియక విసిగిపోయి పక్కన పడేశాను. ఏ కాయిల్ అయినా కేబుల్‌ని కర్రకి బిగుతుగా చుట్టి పట్టీ వేయండి, కవర్ అప్పుడప్పుడూ ఊడదీసి కడగండి.

మొత్తం పార్కు ఒక్క కాయిల్‌తోనే చూడాలనుకునేవాళ్లకి 6 అంగుళాలు మరీ ఓపిక పరీక్ష. వాళ్లు గారెట్ కంపెనీలో 5x8 అంగుళాల డబుల్ డీ, మినెల్యాబ్ వాన్‌క్విష్ డిటెక్టర్‌కి వచ్చే 8x5 లాంటి కోలగా ఉండేవి చూడొచ్చు. ముందూ వెనకా పొడవు కాస్త పెరిగి ఒక్కో ఊపుకి ఎక్కువ నేల వస్తుంది, విడదీసే గుణం కొంత తగ్గుతుంది. ఖాళీ బీచ్‌కీ, దున్నిన పొలానికీ మాత్రం చిన్నది తీసుకెళ్లకండి, సాయంత్రానికి చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. రెండు కాయిల్స్ ఉన్నవాళ్లు కింది కర్ర కూడా అదనంగా ఒకటి కొనుక్కుని ఒక్కో కాయిల్‌ని దానికే బిగించి ఉంచుకుంటే, ఫీల్డులో బోల్టు విప్పి బిగించే పని ఉండదు. చెత్త చోటు కనిపించగానే కర్ర మార్చి, కేబుల్ తగిలించి పని మొదలుపెట్టొచ్చు.