స్నేహితురాలి స్టోరీలో రోగి వివరాలు: ఆమెకు చెప్పాలా, ట్యూటర్‌కు చెప్పాలా? ఏది మేలు?

డ్యూటీ ముగిసిన అరగంటకు ఫోనులో ఒక స్టోరీ కనిపించింది. యూనిఫామ్‌లో ముగ్గురు అమ్మాయిలు, అలసిన కళ్లు, నిండైన నవ్వులు, కింద ‘మా మొదటి నైట్ డ్యూటీ’ అన్న మాట. ముగ్గురూ నా నర్సింగ్ తరగతి వాళ్లే. చూడగానే ముచ్చటేసింది. రెండోసారి చూసినప్పుడు ఏదో తేడా అనిపించి, రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేశాను. ఎడమవైపు అమ్మాయి భుజం మీదుగా, మంచం తలవైపు తగిలించిన పలక కనిపించింది. పేరు, వయసు, జబ్బు, చేరిన తేదీ, అన్నీ చదవడానికి వస్తున్నాయి. దాని కింద, దుప్పటి మీద, క్యాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం) చుట్టూ ప్లాస్టర్ వేసిన ఒక ముసలి చెయ్యి.

ఆ రోజు నేను చేయాల్సిన పనిలో సగమే చేశాను. మిగతా సగం ఎందుకు అవసరమో తెలియడానికి నాకు మరో రోజు పట్టింది.

ముందుగా, ఇది నిజంగా తప్పేనా అన్న సందేహం తీర్చుకోవాలి. ఎందుకంటే స్నేహితురాలి నోట మొదట వచ్చే మాట ‘నేను పేరు రాయలేదుగా’ అనే. పేరు ఒక్కటే గుర్తు కాదు. 1996లో వచ్చిన అమెరికా చట్టం హిపా కింద, రోగిని పట్టించే గుర్తులుగా 18 రకాల వివరాలను లెక్కగట్టారు. ఆసుపత్రిలో చేరిన తేదీ, ముఖం పూర్తిగా కనిపించే ఫొటో కూడా వాటిలో ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, ఫొటోయే లేకుండా ‘ఈ రోజు మా వార్డులో పదహారేళ్ల అమ్మాయి మా కళ్లముందే పోయింది’ అని రాస్తే ఏమవుతుంది? రాసిన అమ్మాయి ఏ కాలేజీలో చదువుతోందో ఆమె ప్రొఫైల్ చెబుతుంది, ఆ కాలేజీ పిల్లలు ఏ ఆసుపత్రికి వెళతారో చుట్టుపక్కల వాళ్లకు తెలుసు, తేదీ పోస్టు మీదే ఉంటుంది. ఆ కుటుంబాన్ని ఎరిగినవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ఇక ఏం చేయవచ్చో చూద్దాం. కొన్ని దారుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఊరుకోవడం వాటిలో మొదటిది. ‘స్టోరీయే కదా, 24 గంటల్లో అదే పోతుంది’ అనుకుంటాం. పోయేలోపు ఎవరు స్క్రీన్‌షాట్ తీసుకున్నారో ఎవరికీ తెలియదు. పైగా తప్పని ఎవరూ చెప్పకపోతే తర్వాతి పోస్టింగులోనూ ఆమె అలాంటి ఫొటోయే తీస్తుంది. పోస్టు కిందే ‘వెనక పలక కనిపిస్తోంది’ అని వ్యాఖ్య రాయడం ఊరుకోవడం కంటే చెడ్డ పని. అప్పటిదాకా నవ్వులు మాత్రమే చూసినవాళ్లు ఇప్పుడు పలక చూస్తారు. యాప్‌కే ఫిర్యాదు చేద్దామంటే, ఆ ఫొటోలో వాళ్ల కంటికి తప్పనిపించేది ఏదీ ఉండకపోవచ్చు. ముగ్గురు అమ్మాయిలు నవ్వుతున్నారు, అంతే. పేరు లేని ఉత్తరం రాయడానికి ఒక్క సందర్భంలోనే అర్థముంది: చెప్పినవారి మీద కక్ష తీర్చుకుంటారన్న నిజమైన భయం ఉన్నప్పుడు. మామూలుగా అయితే అది ఆలస్యంగా చేరుతుంది, చదివినవారికి తిరిగి ఒక ప్రశ్న అడిగే వీలుండదు, తరగతిలో అందరూ అందరినీ అనుమానించడం మొదలవుతుంది.

అసలు తూకం వేయాల్సినవి రెండే. నేరుగా ఆమెకే చెప్పడం, మా శిక్షణను చూసుకునే ట్యూటర్‌కు చెప్పడం.

ఆమెకే చెప్పడంలో ఉన్న గొప్ప బలం వేగం. ఫొటో కనిపించిన నిమిషంలో ఫోను చేస్తే మరుసటి నిమిషంలో అది తీసేసి ఉంటుంది. ఏ కమిటీకీ ఆ వేగం రాదు. మెసేజ్ పెట్టి ఊరుకోకండి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి ఫోను పక్కన పడేసి నిద్రపోతుంది. ఎత్తేదాకా కాల్ చేయాలి. అప్పుడు ఉపన్యాసం వద్దు. ‘నీ ఫొటోలో వెనక పలక చదవడానికి వస్తోంది. ముందు తీసెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం’ అంటే చాలు. ఇంకెక్కడ పెట్టావని కూడా వెంటనే అడగాలి. వాట్సాప్ స్టేటస్‌లో, ఇంటివాళ్ల గ్రూపులో, తరగతి గ్రూపులో అదే ఫొటో ఉండవచ్చు. గ్రూపులో పెట్టినదాన్ని అందరి దగ్గరా తొలగించే వీలుకు గడువు ఉంటుంది. గడువులోపు తొలగించినా, అప్పటికే ఎవరి గ్యాలరీలోనైనా చేరిన కాపీ అలాగే ఉండిపోవచ్చు.

ఇలా పెట్టేవాళ్లలో చాలామందికి దురుద్దేశం ఉండదు, అందుకే ముందు వాళ్లతో మాట్లాడటం న్యాయం కూడా. అయితే మంచి మనసు తప్పును చెరిపేయదు. 2011లో అమెరికాలోని నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి, సోషల్ మీడియా వాడకంపై నర్సులకు ఒక మార్గదర్శిని వెలువరించింది. అందులోని ఒక ఉదాహరణ నా మనసులోంచి పోలేదు. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్న మూడేళ్ల బాబు. తల్లి కాసేపు బయటికి వెళ్లినప్పుడు నర్సింగ్ విద్యార్థిని ఆ బాబునే అడిగి ఫొటో తీసింది. ఇంటికి వెళ్లి, ఈ పిల్లవాడి ధైర్యం చూశాక నర్సునవుతున్నందుకు గర్వంగా ఉందన్న అర్థం వచ్చేలా రాసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. వెనక గది నంబరు కనిపిస్తోంది. అది చూసిన ఆసుపత్రి నర్సు ఒకరు పైవారికి చెప్పారు. మూడు రోజుల తర్వాత కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. ఆ అమ్మాయిని కాలేజీ నుంచి తీసేశారు. ఆ పిల్లల వార్డులో శిక్షణ పొందే అవకాశం కాలేజీ మొత్తానికే పోయింది.

ఆ మూడు రోజుల గురించే నేను ఆలోచిస్తాను. మొదటి సాయంత్రమే ఒక స్నేహితురాలు ఫోను చేసి ఉంటే?

అయినా ఆమెకు చెప్పి ఊరుకోవడం చాలదు. నేను చేసింది సరిగ్గా అదే. ఫోను చేశాను, ఆమె గాభరాపడి వెంటనే తీసేసింది, ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. మర్నాడు అదే మంచం దగ్గర బీపీ చూస్తుంటే ఆ పెద్దావిడ, ప్లాస్టర్ లేని చేత్తో నా మణికట్టు పట్టుకుని, ‘మీరంతా బాగా చూసుకుంటున్నారమ్మా’ అంది. ఆమె జబ్బు పేరు ముందు రోజు ఎంతమంది చూశారో నాకు తెలియదు. చూశారన్న సంగతే ఆమెకు తెలియదు. ఫొటో తీసేయడంతో తేలికపడింది మేమిద్దరమే.

అక్కడే ట్యూటర్‌కు చెప్పడం వైపు తూకం మొగ్గుతుంది. జరిగినదాన్ని రోగికి చెప్పే అధికారం, క్షమాపణ అడిగే బాధ్యత, అవసరమైతే పలకను అందరికీ కనిపించని చోటికి మార్చే వీలు ఆసుపత్రికే ఉన్నాయి. చట్టాలు పెట్టిన గడువులు కూడా సంస్థకు తెలిసినప్పటి నుంచే లెక్కకు వస్తాయి. ఐరోపాలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం, వ్యక్తిగత వివరాలు బయటపడి ఎవరికైనా ముప్పు కలిగే అవకాశం ఉంటే, తెలిసిన 72 గంటల్లోగా పర్యవేక్షణ సంస్థకు చెప్పాలి. హిపా నిబంధనలు రోగికి తెలియజేయడానికి అనవసర జాప్యం వద్దంటూ, గరిష్ఠంగా 60 రోజుల గడువు పెట్టాయి. దేశాన్ని బట్టి నియమం మారవచ్చు. విషయం మా ఇద్దరి ఫోన్ల మధ్యే ఉండిపోతే మాత్రం ఏ నియమమూ ఆ పెద్దావిడ దాకా రాదు. ఇందాకటి మార్గదర్శిని కూడా, గోప్యతకు భంగం కలిగినట్టు గుర్తిస్తే జాప్యం లేకుండా తెలియజేయమనే చెబుతోంది.

మరి ట్యూటర్‌కు చెబితే స్నేహితురాలి చదువు ఏమవుతుంది? ఈ భయాన్ని కొట్టిపారేయలేను. 2010లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, కాన్పు తర్వాత బయటికి వచ్చే మాయతో (ప్లాసెంటా) ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టినందుకు నర్సింగ్ విద్యార్థినులను కాలేజీ నుంచి తొలగించారు. వారిలో ఒకరు కోర్టుకు వెళితే, 2011 జనవరిలో ఫెడరల్ న్యాయమూర్తి ఆమెను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించారు. ఆ ఫొటోలో తల్లి ఎవరో తెలిపే వివరమే లేదు. సంస్థలు తొందరపడి శిక్షను మోతాదు మించి వేయగలవు. అందుకే ఎవరు చెప్పారు, ఎంత త్వరగా చెప్పారు అన్నవి చాలా ముఖ్యం. తప్పు చేసిన అమ్మాయే ఆ పూటే వచ్చి ‘మేడమ్, ఇలా జరిగింది, తీసేశాను, ఇంతసేపు ఉంది, ఈ రెండు చోట్ల పెట్టాను’ అంటే అది ఒక సంగతి. మూడు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి ఫోను వస్తే అది పూర్తిగా మరో సంగతి.

కాబట్టి నా తీర్పు ఇది: రెండూ చేయాలి, ఈ వరుసలోనే, వీలైతే ఒకే రోజున. ముందు ఆమెకు ఫోను, ఫొటో తీసేయించడం. ఆ తర్వాత ‘పద, మేడమ్ దగ్గరికి కలిసి వెళదాం. నువ్వే చెప్పు, నేను పక్కన ఉంటాను’ అనడం. ఆమె ఒప్పుకోకపోతే, తర్వాతి డ్యూటీ మొదలయ్యేలోపు నేనే చెబుతానని ఆమె ముఖం మీదే చెప్పాలి. అది కష్టమైన మాటే. కానీ చాటుగా చెప్పలేదన్న నిజం తర్వాత ఇద్దరికీ పనికొస్తుంది.

ఈ వరుస పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. రోగిని వెక్కిరిస్తూ వీడియో తీసినా, స్పృహలో లేని మనిషినో మానసిక చికిత్స వార్డులోని మనిషినో కావాలని చిత్రించినా, ఒకసారి చెప్పాక మళ్లీ చేసినా నేరుగా ట్యూటర్ దగ్గరికే వెళ్లాలి. అక్కడ ముందుగా ఫోను చేయడమంటే ఆధారాలు దాచుకోవడానికి సమయమివ్వడమే. మీకంటే పై తరగతి వారు పెట్టినప్పుడు, బెదిరింపు ఉన్నప్పుడు కూడా అంతే.

మరో చిక్కు స్క్రీన్‌షాట్. రుజువు కావాలని చెయ్యి వెంటనే ఆ రెండు బటన్ల మీదికి పోతుంది. తీసిన క్షణంలో ఆ పెద్దావిడ పేరు, జబ్బు ఇంకో ఫోనులో చేరతాయి, మన ఫోను దానంతటదే ఫొటోలను ఇంకెక్కడికో బ్యాకప్ చేస్తూ ఉండవచ్చు. తప్పును ఆపబోయి ఇంకో కాపీ తయారుచేశామన్నమాట. ఫొటో తీసేయడానికి ఆమె ఒప్పుకుంటుందన్న నమ్మకముంటే కాగితం మీద రాసుకోండి: ఎవరి ఖాతా, ఏ సమయం, ఏమేమి చదవడానికి వచ్చింది. రోగి పేరు రాయకండి, మంచం నంబరు చాలు. ఖండిస్తుందనుకుంటే ఒక్క స్క్రీన్‌షాటే తీసి, ట్యూటర్‌కు మీ ఫోనులోనే చూపించి, ఆ తర్వాత దాన్ని ఏం చేయాలో ట్యూటర్‌నే అడగండి. తరగతి గ్రూపులో మాత్రం వేయకండి, ‘ఇలాంటి తప్పు చేయకండి’ అనే మంచి ఉద్దేశంతో కూడా.

అంతర్జాతీయ నర్సుల మండలి 2021లో సవరించిన నీతి నియమావళి, సోషల్ మీడియాతో సహా అన్ని మాధ్యమాల్లోనూ గోప్యతను గౌరవించాలని చెబుతూ, రోగులతో పాటు తోటి సిబ్బందినీ అదే వాక్యంలో చేర్చింది. తప్పు చేసిన స్నేహితురాలికి కూడా మన దగ్గర ఒక గోప్యత ఉంది. ట్యూటర్ గదిలో ఆమెనే మాట్లాడనివ్వండి. మిమ్మల్ని అడిగితే చూసింది మాత్రమే చెప్పండి, ఎందుకు చేసి ఉంటుందో ఊహించి చెప్పకండి. బయటికి వచ్చాక ఎవరైనా ‘ఏమిటి, మేడమ్ ఎందుకు పిలిచారు?’ అని అడుగుతారు. ‘అది నేను చెప్పేది కాదు’ అని నడిచి వెళ్లిపోండి.