పదాల లెక్కను సరిచేసిన ప్యాచ్: ఎనిమిది నెలల వాడకం తరువాత

‘సాఫ్ట్‌వేర్’ ఒక్క మాట. నేను రాయడానికి వాడే ఎడిటర్ ప్రోగ్రాం మాత్రం దాన్ని ఏళ్ల తరబడి రెండు మాటలుగా లెక్కించింది. ఇన్ని పదాలు మించకూడదన్న హద్దు ఉన్నప్పుడు, నిజానికి హద్దులోనే ఉన్న రాతను కూడా కత్తిరించాల్సి వచ్చేది. ఆ తప్పును దిద్దే ప్యాచ్‌ను, అంటే ప్రోగ్రాంకు వేసే చిన్న సవరణను, ఎనిమిది నెలల క్రితం వేసుకున్నాను. అప్పటి నుంచి నా రాతపని అంతా దాని మీదే సాగుతోంది.

తెలుగులో రాసే ఎవరికైనా తగిలే తప్పు ఇది. ‘ట్’ తరువాతి ‘వే’ దానితో కలిసి ‘ట్వే’ అయిపోకుండా, పొల్లు పొల్లుగానే నిలవడానికి ఆ రెండింటి నడుమ కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది అక్షరాలు కలవకుండా ఆపుతుందే తప్ప మాటను తెంచదు. పదాల హద్దులను నిర్ణయించే యూనికోడ్ 29వ అనుబంధం చెప్పేదీ అదే. పాత కోడు మాత్రం దాన్ని ఖాళీతో సమానంగా చూసింది. అందుకే వెబ్‌సైట్, హార్డ్‌వేర్ వంటివన్నీ నిలువునా చీలిపోయేవి. లెక్క కుదరడం కోసం ఆ గుర్తులన్నీ తీసేసిన రోజులున్నాయి. లెక్క కుదిరేది, రాత చెడేది. ‘సాఫ్ట్వేర్’ అని తెరమీద కనబడితే మనసు చివుక్కుమనేది.

ప్యాచ్ వేయగానే ఒక పేజీ అచ్చు తీసి, పెన్సిలుతో మాట మాటకూ గీత పెడుతూ లెక్కించాను. నాకు 212 వచ్చాయి. పాత ఎడిటర్ అదే పేజీకి 231 చూపింది, కొత్తది సరిగ్గా 212. ఆ ఎక్కువ వచ్చిన 19లో 14 ఈ గుర్తు పుణ్యమే. మిగతా ఐదూ రెండు వైపులా ఖాళీతో ఒంటరిగా నిలిచిన డాష్‌లు. ఇప్పుడు అక్షరం గానీ అంకె గానీ లేనిది పదం కింద చేరదు. ‘రాక-పోకలు’ ఒకటే, ‘2,500’ ఒకటే. పొడవు డాష్‌తో అతికిన రెండు మాటలు మాత్రం రెండే. హైఫన్ జంటల విషయంలో వాదించేవారు ఉండవచ్చు, నాకు ఈ నిర్ణయం నచ్చింది.

లోటు లేకపోలేదు. పాత ఫైళ్లు తెరిస్తే ముందు పాత అంకే కనబడుతుంది. ఒక అక్షరం మార్చి సేవ్ చేస్తే గానీ సరికాదు. మార్పుల నమోదు పెట్టుకుని దిద్దేటప్పుడు కొట్టివేసిన మాటలు కూడా ఇంకా లెక్కలో ఉంటున్నాయి. ఇతరుల రాతలు దిద్దేవారికి ఇది పెద్ద ఇబ్బందే.

అక్షరాల లెక్కను ఈ ప్యాచ్ అసలు తాకలేదు. ‘క్షే’ మనకు ఒక్క అక్షరం. ఎడిటర్ మాత్రం క, పొల్లు, ష, ఏత్వం విడివిడిగా పట్టుకుని నాలుగు అంటుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 వెర్షన్ నియమాల ప్రకారం తెలుగు సంయుక్తాక్షరం మొత్తాన్ని ఒకే గుంపుగా చూడాలి. ఆ నియమాలున్నదీ పదాల హద్దులు చెప్పిన 29వ అనుబంధంలోనే. ప్యాచ్ చేసినవారికి ఈ సంగతి ఉదాహరణలతో సహా రాసి పంపాను. రెండో ప్యాచ్ వస్తే అదే పేజీని మళ్లీ పెన్సిలుతో లెక్కిస్తాను, ఈసారి అక్షరం అక్షరం.